రాజన్న వాళ్ల అవ్వ

పచ్చి ఖర్జూరాలు ఉడుకుతున్న వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం చేతకాదు. బెల్లం పాకం అందామంటే అంత తీపి కాదు, అడుగంటిన చిలగడదుంప అందామంటే అంత మాడూ కాదు. రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది, దానికి ఎండుమట్టల పొగ తోడవుతుంది, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి అన్నిటినీ కలిపి మొహానికి పులుముతుంది. మొన్న జూలైలో ఒక శుక్రవారం పొద్దున, షినాస్ దగ్గర ఆ తోట గేటు ముందు బస్సు దిగీ దిగగానే ఆ వాసన తగిలింది. మస్కట్ శివారు అల్ మవాలేలో మా వీధి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఏడెనిమిది కలిసి బస్సు మాట్లాడుకుని వెళ్లాం. పాతకాలపు తోటను ఉన్నదున్నట్టు నిలబెట్టి, అప్పటి పనులన్నీ మనుషుల చేత కళ్లముందే చేయించి చూపించే మ్యూజియం అట, పిల్లలకు బాగుంటుందట అని ఎవరో ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే అందరూ సరే అన్నారు. నేనూ సరే అన్నాను. అది నేను పెరిగిన తోట అని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

లోపల అంతా ముచ్చటగానే ఉంది, కాదనను. పెద్ద పెద్ద రాగి గాబుల కింద మంటలు పెట్టి, నడుముకి పాతకాలపు లుంగీలు చుట్టించిన బంగ్లాదేశ్ కుర్రాళ్ల చేత పసుపుపచ్చ కాయలు ఉడకబెట్టిస్తున్నారు, ఉడికినవాటిని చాపల మీద ఆరబోయిస్తున్నారు, ఒకతను చెట్టెక్కి కెమెరాల కోసం ఆగి ఆగి దిగుతున్నాడు. మన పెళ్లిళ్లలో తాంబూలాల్లో పెట్టే ఎండు ఖర్జూరం కాయలు ఇవేనమ్మా అని మా పక్కింటావిడ వాళ్ల అమ్మాయికి చెబుతోంది. మట్టి గోడల పెద్దింటికి కొత్తగా మట్టి మెత్తారు. మోటారు షెడ్డు తీసేసి అక్కడ పాతబావి ఒకటి కట్టారు, నా చిన్నప్పుడు అక్కడ బావే లేదు. మేం అద్దెకున్న రెండు గదుల ఇల్లు ఉన్నచోట బస్సులు ఆపుతున్నారు. పనివాళ్ల రూమ్ మాత్రం ఉంది, కాకపోతే అందులో ఇప్పుడు హల్వా డబ్బాలూ సాంబ్రాణీ సెంటు సీసాలూ అమ్ముతున్నారు. ఆ గుమ్మంలో నిలబడ్డాను గానీ లోపలికి అడుగు పడలేదు.

మా నాన్నది కాకినాడ. షినాస్‌లో చిన్న ఆసుపత్రిలో రక్తం, మూత్రం పరీక్షలు చేసే ఉద్యోగం. ఊళ్లోవాళ్లకి ఆ తేడాలేం పట్టవు గనక ఆయన వాళ్లకి డాక్టరే, నేను డాక్టరు గారి పిల్లని. ఆ తోట యజమాని అప్పటికే డెబ్భై దాటిన పెద్దాయన. పనివాళ్లు గల్ఫ్‌లో యజమానిని అర్బాబ్ అంటారు గనక మేమూ అర్బాబ్ అనే అనేవాళ్లం. తోట చివర ఖాళీగా ఉన్న ఇంటిని ఆయన మాకు తక్కువ అద్దెకి ఇచ్చాడు. నాకు నాలుగేళ్లప్పుడు ఆ ఇంట్లోకి వచ్చాం, పదో తరగతికి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. ఆ మధ్య కాలాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఏడాదంతా ఏదో ఒకటి పండుతున్నట్టే, ఏదో ఒకటి ఎండుతున్నట్టే గుర్తుంటుంది. చలికాలంలో సముద్రపు ఒడ్డున మైళ్ల పొడవునా చిన్న చేపలు ఎండేవి, గాలి ఇటు తిరిగిందంటే మా అమ్మ కిటికీలు మూసి, అగరుబత్తీ వెలిగించి, ఈ ఉద్యోగం తెచ్చిన దేవుణ్ని కాసేపు తిట్టుకునేది. ఎండలు ముదిరేసరికి మామిడికాయలు, ఆ తర్వాత డాబాల మీద ఆరబోసిన నిమ్మకాయలు నల్లగా మాడి, చేత్తో నొక్కితే పెటుక్కుమని పగిలేవి. వాటిని నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టకుండా ఎవరు ఎక్కువసేపు ఉండగలరో చూసుకోవడం మా ఆట. అర్బాబ్ మనవలూ నేనూ గడ్డిమళ్ల మధ్య కాలవల్లో కాగితం పడవలు వదిలి, అవి మోటారు తొట్టి దగ్గర బయల్దేరి నిమ్మతోట దాటేలోపు ఎవరిది మునిగితే వాళ్లని ఏడిపించేవాళ్లం. ఈద్ పండక్కి పెద్దింటినుంచి వేడి వేడి హల్వా గిన్నెతో వచ్చేది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని మా అమ్మ దాన్నిండా బూరెలు పెట్టి పంపేది. అర్బాబ్ బూరెను రెండుగా విరిచి, లోపల పూర్ణం చూసి, దీన్ని లోపలికి ఎలా పంపారని ప్రతి ఏడూ అడిగేవాడు.

అరబ్బీ నాకు ఆ మనవల దగ్గరే అబ్బింది. నాన్నకి ఆసుపత్రి అరబ్బీ వచ్చు, అమ్మకి అదీ రాదు. కొట్టువాడితో, చేపలవాడితో, గ్యాసు బండివాడితో అన్నీ నేనే మాట్లాడాలి. నా ఎత్తుకి నా నోరు పెద్దదని అందరూ ముచ్చటపడేవాళ్లు, ఆ ముచ్చటకి నేను మరీ ఉబ్బిపోయేదాన్ని. ఎవరైనా ఒక మాట అడిగితే పది చెప్పేదాన్ని, తెలియకపోతే కల్పించి చెప్పేదాన్ని. ఇప్పుడు మా అమ్మాయి అలా చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రాజన్న ఆ తోటలోకి వచ్చింది నాకు ఏడో ఏడు నడుస్తున్నప్పుడు. జగిత్యాల వైపు ఏదో ఊరు. అక్కడ తాటిచెట్లూ ఈతచెట్లూ ఎక్కి కల్లు గీసిన మనిషి. ఏజెంటు మాటలు నమ్మి కంపెనీలో డ్యూటీ అనుకుని వచ్చి తోటలో పడ్డాడు. ఊరినుంచి సంచిలో రెండు జతల బట్టలూ, చెట్టెక్కే మోకూ తెచ్చుకున్నాడు. మోకు ఎందుకు తెచ్చావంటే, చేతికి అలవాటైంది ఇడిసిపెట్టి రాబుద్ధి కాలేదని అన్నాడట. అది చూసి మిగతా పనివాళ్లు నవ్వారు గానీ, మొదటిరోజే నడుముకి మోకూ కాళ్లకి బందమూ తగిలించుకుని అన్నిటికంటే ఎత్తైన ఖర్జూరం చెట్టు చకచకా ఎక్కేసరికి అర్బాబ్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. ఆనాటినుంచీ పొడుగు చెట్లన్నీ రాజన్నవే. ఎండలు మొదలయ్యే ముందు మగచెట్టు పూత తెచ్చి ఆడచెట్టు గెలల్లో కట్టాలి, లేకపోతే కాయ నిలవదు. ఆ పని వచ్చినప్పుడల్లా రాజన్న, చెట్లకు పెండ్లి జేసొస్త బిడ్డా అని చెప్పి ఎక్కేవాడు, పైనుంచి నామీద పుప్పొడి దులిపేవాడు, నేను తుమ్ముతూ పరిగెత్తేదాన్ని.

ఆయన తెలుగు మా ఇంట్లో పెద్ద వినోదం. ఈడికెల్లి, గట్లనా, తోలియ్యి అంటుంటే నేను వెనక నిలబడి అనుకరించేదాన్ని, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆయనకి తెలిసేది, తెలిసి ఇంకాస్త సాగదీసి మాట్లాడేవాడు. అన్న అనే మాట పేరులోనే ఉంది కదా అని నేను ఆయనకి వేరే వరస కలపలేదు. నలభై ఏళ్ల మనిషిని ఏడేళ్ల పిల్ల రాజన్నా, నువ్వు అని పిలిచేది. మా అమ్మ రోజూ సాయంత్రం టీ ఇచ్చేది, నిజమే, కాని ఆ టీగ్లాసు వంటింటి కిటికీ బయట గూట్లో వేరుగా ఉండేది. ఇవి రాయకపోతే కూడా ఎవరూ అడగరు. రాస్తేనే నాకు కాస్త ఊపిరాడుతుంది.

చెట్టు కింద కూచుని మట్టలు చీలుస్తూ రాజన్న ఎప్పుడు మాట్లాడినా ఆ మాటల్లో వాళ్ల అవ్వ ఉండేది. మా అవ్వ మక్క గట్క వండితే ఊరు ఊరంతా వాసన, మా అవ్వ ఒక్కతే రెండెకరాల నాటు ఏస్తది, మా అవ్వ నోటికి పట్వారి సుత బుగులు పడ్తడు. ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో నాన్నమ్మని మామ్మ అనేవాళ్లం, అవ్వ అన్న మాట మాకు కథల్లోదే. అవ్వ అంటే నడుం వంగి, బోసినోటితో, కర్ర పొడుచుకుంటూ వచ్చే ముసలమ్మ. అలాంటి ముసలమ్మ రెండెకరాలు ఎలా నాటుతుందని నాకు అనుమానం రాకపోలేదు, రాజన్న కోతలు కోస్తున్నాడని సరిపెట్టుకున్నాను. ఒకసారి దసరా ముందర ఆయన గన్నేరు పూలూ, కాగితం పూలూ, గోరింట కొమ్మలూ పళ్లెంలో గుండ్రంగా పేర్చి గోపురంలా కట్టి మా గుమ్మంలోకి తెచ్చాడు. ఏమిటది అంటే బతుకమ్మ అన్నాడు. మా కోస్తావాళ్లకి అప్పట్లో దాని గురించి ఏం తెలుసు! తంగేడు పువ్వు దొరకకపాయె అక్కా, మా అవ్వ పేరిస్తె సూడాలె, కండ్లు తిప్పుకోరు అని మా అమ్మతో చెప్పి, మోటారు తొట్టి నీళ్లలో దాన్ని మెల్లగా వదిలాడు. అది రెండు చుట్లు తిరిగి విడిపోయింది. ఆయన ముక్కు చీదుకుంటూ వెళ్లిపోయాడు, నేను ఆ పూలేరుకుని బొమ్మకి జడ వేశాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, సరిగ్గా ఇలాగే ఖర్జూరాలు ఉడికించే రోజుల్లో, ఒక మధ్యాహ్నం రాజన్న చెప్పులు లేకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. సోహార్ పట్నంలో కంపెనీ సైట్‌లో పనిచేసే వాళ్ల ఊరతను ఇంటికి ఫోన్ చేస్తే కబురు తెలిసిందట, బస్సెక్కి వచ్చి చెప్పి వెళ్లాడట. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, చీకటి పడితేగాని రాడు. రోజూ హిందీలో పనులు పురమాయించే అర్బాబ్ కొడుకు మస్కట్ వెళ్లాడు. అర్బాబ్‌కి అరబ్బీ తప్ప రాదు. పాపకు అరబ్బీ అస్తది గదక్కా, జరంత పంపు అని రాజన్న అమ్మని బతిమాలాడు. అమ్మ నాకు తల దువ్వి మరీ పంపింది.

పెద్దింటి ముందు మట్టల పందిరి కింద చాప మీద అర్బాబ్ కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ గిన్నె, పళ్లెంలో పండు ఖర్జూరాలు. చుట్టూ నలుగురైదుగురు పెద్దమనుషులు. నన్ను చూసి నవ్వి, రా రా డాక్టరు గారి పిల్లా అని పక్కన చోటిచ్చాడు. రాజన్న పందిరి బయట ఎండలో ఆగిపోయాడు.

"బిడ్డా, మా అవ్వకు పానం బాగ లేదు, సావుబతుకుల్ల ఉన్నదని జెప్పు. నన్నే కలవరిస్తున్నదట. ఒక్క పదిదినాలు ఇంటికి తోలియ్యుమను. మల్ల ఉరికొస్త."

నేను లేచి నిలబడి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, చక్కటి అరబ్బీలో చెప్పాను. ఈయన నాన్నమ్మకి చాలా జబ్బుగా ఉంది, చూడ్డానికి వెళ్లాలట. నాన్నమ్మని అరబ్బీలో జద్ద అనాలి. జద్ద అనే అన్నాను. పెద్దమనుషుల్లో ఒకాయన, ఖర్జూరాలు దింపే రోజులొస్తే చాలు, హిందూస్థాన్‌లో నాన్నమ్మలందరికీ ఒకేసారి జబ్బు చేస్తుందయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లు నవ్వారు గనక నేనూ నవ్వాను. అర్బాబ్ నవ్వలేదు. ఆ నాన్నమ్మకి ఎన్నేళ్లుంటాయని నన్నడిగాడు. నేను వెనక్కి తిరిగి రాజన్నని అడగాలి. అడగలేదు. అంతమంది ముందు నాకు తెలియని సంగతి ఒకటుందని ఒప్పుకోవడం ఇష్టంలేక, చాలా ముసలిది, నోట్లో ఒక్క పన్నైనా లేదు, కర్ర లేకుండా నడవలేదు అని నా కథల్లో అవ్వనంతా తెచ్చి చాప మీద కూర్చోబెట్టాను. ఆయన తలూపాడు. ఆ వయసులో అది సహజమే తల్లీ, దేవుడు ఆమెకి సులువు చెయ్యాలి, కాయలు దింపడం కాగానే నెల రోజులు పంపిస్తానని చెప్పు, టికెట్టు నాది అన్నాడు. నా చేతినిండా ఖర్జూరాలు పోశాడు.

నేను ఆ మాట రాజన్నకి చెప్పాను. ఆయన కాసేపు అర్బాబ్ వైపు చూశాడు. ఏదో అనబోయాడు గానీ ఏ భాషలో అంటాడు? పందిరి కిందికి ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కి తీసుకుని, చేతులు జోడించి, దించేశాడు. సరే తియ్యి అన్నాడు. ఆ సాయంత్రం వెలుగున్నంతసేపూ చెట్టు మీదే ఉన్నాడు, టీకి కూడా రాలేదు, ఆ మాట మళ్లీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

పన్నెండు రోజుల తర్వాత నాన్న ఆసుపత్రినుంచి వచ్చి, సముద్రం ఒడ్డున రాజన్నకి గుండు గీయించుకుంటుంటే చూశానని, పాపం వాళ్లమ్మ పోయిందటనీ అమ్మతో చెప్పాడు. అమ్మ కాదు నాన్నా, నాన్నమ్మ అన్నాను నేను, అలవాటుగా, నాకే తెలిసినట్టు. వాళ్లు తల్లినే అవ్వ అంటారే పిచ్చిమొహమా అన్నాడు నాన్న. అన్నం పెట్టుకున్న కంచం ముందు కూర్చుని ఏడుస్తూ జరిగిందంతా చెప్పేశాను. అమ్మ, చిన్నపిల్లని పంపడం నాదే తప్పండీ అంది. ఇప్పుడు చెప్పినా పోయినావిడ తిరిగొస్తుందా, అర్బాబ్‌కి తెలిస్తే మనసు విరిగిపోతుంది, మనం ఆయన ఇంట్లో ఉన్నాం, రాజన్నకి తెలిస్తే మన మొహం చూస్తాడా అని ఇద్దరూ అటూ ఇటూ ఆలోచించి, చివరికి నాన్నే తేల్చాడు.

"ఎవరితోనూ అనకు అమ్మడూ. మర్చిపో."

మర్చిపోమంటే మర్చిపోయే వయసే అది, కాని రాజన్న రోజూ కనిపించేవాడు. గుండు మీద వెంట్రుకలు వేలెడు పెరిగాక ఒకరోజు నిమ్మచెట్ల కింద నన్ను ఆపాడు.

"బిడ్డా, ఆనాడు అర్బాబ్‌కు అవ్వ ముచ్చట మంచిగనే జెప్పినవా?"

"చెప్పాను రాజన్నా. నువ్వు చెప్పిందే చెప్పాను."

ఆయన నమ్మాడు. నమ్మకుండా ఉంటే బాగుండేది. తల్లి చావుబతుకుల్లో ఉందని తెలిసి కూడా కాయలు దింపి పొమ్మన్నడంటే గా మనిషి గంతే అన్నాడు. ఆ తర్వాత అర్బాబ్ ఎదురైతే సలాం పెట్టడం మానేశాడు. ఈద్‌కి ఆయన పంపిన కొత్తబట్టలు మడత విప్పకుండా సోహార్‌లో ఉన్న వాళ్ల ఊరతనికి ఇచ్చేశాడు. కాయలు దింపడం అయ్యాక టికెట్టు కొంటానని అర్బాబ్ రెండుసార్లు కబురు పెడితే, ఇప్పుడెవరి కోసం పోవాలె అని వెళ్లలేదు. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. తన తల్లి పేరెత్తితే ఆ వయసులోనూ కళ్లు తుడుచుకునే మనిషి. ఒకరోజు కాలవ గట్టున నన్ను పిలిచి, చెట్లెక్కే మీ మనిషికి నామీద ఎందుకు కోపం, నీకేమైనా చెప్పాడా అని అడిగాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఒక్క మాట. జద్ద కాదు తాతా, ఉమ్మ. అంతే కదా. నాకు తెలీదు అని చెప్పి మనవలతో ఆడుకోవడానికి పరిగెత్తాను. ఇద్దరు మంచి మనుషులు నా మూలంగా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా అదే తోటలో ఇంకో ఏడాదిన్నర బతికారు.

రాజన్న కాంట్రాక్టు అయిపోగానే వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి, మంచిగ సదువుకో బిడ్డా అని నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి కింద నిలబడటం నాకెంత కష్టమైందో ఆయనకి తెలియదు. కొన్నేళ్లకి మేమూ కాకినాడ వెళ్లిపోయాం. అర్బాబ్ పోయాడని చాలా ఏళ్లకి తెలిసింది. పెళ్లయ్యాక మందుల కొట్లో ఉద్యోగంతో నేను మళ్లీ ఈ దేశమే వచ్చి, మవాలేలో పదిహేనేళ్లుగా ఉంటూ కూడా, షినాస్ రోడ్డు ఎక్కలేదు. జగిత్యాలవాళ్లు ఎవరైనా మందులకొస్తే మాత్రం మీది ఏ ఊరని అడుగుతాను. కల్లు గీసే రాజన్న అంటే నవ్వుతారు. ఊరికి నలుగురుంటారమ్మా, ఇంటిపేరేంటి అంటారు. ఇంటిపేరు నాకు తెలీదు, ఎన్నడూ అడగలేదు.

మ్యూజియం చూపించిన అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. అర్బాబ్ మునిమనవరాలినని చెప్పుకుంది, నవ్వితే పోలిక తెలుస్తోంది కూడా. పెద్దింటి ముందు మట్టల పందిరి మళ్లీ వేశారు, చాప పరిచారు, కాఫీ గిన్నె పెట్టారు. మా ముత్తాత ఇక్కడే కూర్చుని అందరి కష్టసుఖాలూ వినేవాడని ఇంగ్లీషులో మొదలుపెట్టి, మీకో సరదా కథ చెబుతానంది. రాజన్ అని ఒక ఇండియన్ ఉండేవాడట, చెట్లెక్కడంలో మొనగాడట. పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఇంటికి చెక్కేద్దామని, తర్జుమాకి ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకుని ఏడుస్తూ వచ్చి, నాన్నమ్మకి జబ్బు అన్నాడట. పళ్లు లేవు, నడవలేదు అని ఆ పిల్ల ఒకటే చెప్పడమట. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా పని ఎగ్గొడితే, ఏం, రాజన్ నాన్నమ్మకి మళ్లీ జబ్బు చేసిందా అని అడుగుతాం అంది. అందరూ ఘొల్లుమన్నారు. మా పక్కింటావిడ కళ్లు తుడుచుకుని, ఎక్కడైనా మనవాళ్లు మనవాళ్లే అంది. నా మొహం మీద కూడా నవ్వు ఉందని దవడలు నొప్పెట్టాక తెలిసింది.

అందరూ గాబుల దగ్గరికి కదిలాక నేను ఆగి, ఆ చిన్నపిల్లని నేనే అన్నాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నిజంగానా, ఒక్క నిమిషం అని ఫోన్ తీసి వీడియో పెట్టింది, ఆ కథ మీ నోటితో చెప్పండి అంది. చెప్పాను. ఇప్పుడు నాకు మిగిలిన మందుల కొట్టు అరబ్బీలో, వెతుక్కుంటూ చెప్పాను. వాళ్ల వైపు అవ్వ అంటే నాన్నమ్మ కాదు, కన్నతల్లి. ఆమె అప్పుడు చనిపోతోంది, పన్నెండు రోజులు ఎదురుచూసి చనిపోయింది. పళ్లు లేవని ఆయన అనలేదు, నేను కల్పించాను. ఆ అమ్మాయి ఫోన్ ఎప్పుడు దించేసిందో నేను చూడలేదు.

"తల్లా? తల్లి అని ఉంటే మా ముత్తాత రెండోసారి అడగనిచ్చేవాడే కాదు. ఆ పూటే బండిలో ఎక్కించేవాడు."

"తెలుసమ్మా" అన్నాను.

మరి తర్వాతైనా చెప్పలేదా అని అడిగింది. లేదన్నాను. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. అంతలో రెండో బస్సు వచ్చింది, ఆమెని పిలిచారు. నేను మావాళ్ల దగ్గరికి వెళ్లకుండా ఆ కొత్తవాళ్ల వెనక నిలబడ్డాను, ఈసారి ఎలా చెబుతుందో విందామని. మళ్లీ చాప దగ్గరే మొదలుపెట్టింది. మా ముత్తాత ఇక్కడే కూర్చునేవాడంది, కాఫీ గిన్నె ఎత్తి చూపింది, అతిథికి కాఫీ పోసే పద్ధతి చెప్పింది. తర్వాత తలెత్తి వెనక ఉన్న నన్ను చూసింది, చూసి కళ్లు దించుకుని, పదండి, ఖర్జూరాలు ఉడికించే చోటికి వెళ్దాం అంది.

నన్ను నొప్పించకూడదనే మానేసింది, మంచి పిల్ల. కాని ఇన్నేళ్లుగా ఆ తోటలో రాజన్న అనే మనిషి ఒకడుండేవాడని చెప్పేది ఆ వెక్కిరింత ఒక్కటే. పెద్దింటివాళ్ల ఫొటోలున్నాయి, చెట్ల పేర్లున్నాయి, బావి దగ్గర కట్టేసిన ఎద్దు పేరు కూడా పలకమీద రాసిపెట్టారు; ఆయన పేరు ఆ నవ్వులో తప్ప ఇంకెక్కడా లేదు. దాన్నీ నేనే ఆపించాను. తప్పు కథైనా ఫరవాలేదు, నవ్వితే నవ్వనీ, ఆ పేరు చెప్పమ్మా అని వెనకనుంచి అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. జనం నన్ను దాటుకుని గాబుల వైపు వెళ్లిపోయారు, పందిరి కింద చాపా కాఫీ గిన్నే మిగిలాయి.